మాస్కు కొనేటప్పుడే అది చేరే చోటు చూసుకోండి: పొగతోట మందుల షాపు నుంచి ఒక పోలిక

నెల్లూరు పొగతోటలో మా మందుల షాపు ముందున్న మురుగుకాలువకు ఒక ఇనుప జాలీ ఉంది. వాన వెలిసిన మరునాడు ఆ జాలీకి ఏమేమి తట్టుకుని ఆగాయో చూస్తే, ఆ వారం షాపులో ఏమేమి అమ్ముడయ్యాయో లెక్క చెప్పేయవచ్చు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సిరప్పు మూతలు, వాటికి చుట్టుకుని నీలం మాస్కులు. వాటిలో సగమైనా నేను అమ్మినవే అయి ఉంటాయి. అలాంటివాడు మాస్కుల గురించి సలహా చెప్పడమేమిటని మీరు అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ ఏ మాస్కు ఎవరికి పనికొస్తుందో, ఎవరికి దండగో కౌంటరు వెనక నిలబడ్డవాడికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు.

రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో మా ఊళ్లోనే బయటపడింది. ఆ రోజుల్లో షాపు తలుపు తీయకముందే మాస్కుల కోసం జనం వరుస కట్టేవారు. ఇప్పుడా భయమూ లేదు, తప్పనిసరి అన్న నిబంధనా లేదు. అయినా డబ్బాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చేవాళ్లు, స్కూటీ మీద కాలేజీకి వెళ్లే అమ్మాయిలు, రైసుమిల్లు హమాలీలు, చీమకుర్తి క్వారీల్లో పనిచేస్తూ ఊరికి వచ్చిపోయేవాళ్లు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు. అందరూ అడిగేది ఒకటే మాట: "ఒక మాస్కు ఇవ్వండి." నేను తిరిగి అడిగేదీ ఒకటే మాట: "దేనికండీ?" ఆ ప్రశ్న చాలామందికి చిరాకు. రెండు రూపాయల వస్తువుకు కూడా కారణం చెప్పాలా అని మొహం చిట్లిస్తారు. చెప్పాలి. దుమ్ముకా, రోగానికా, చెత్తకుప్ప వాసనకా, ఎండకా అన్నది తెలియకుండా ఇచ్చిన మాస్కు సగం సార్లు తప్పు మాస్కే అవుతుంది. తప్పు మాస్కు మనిషిని కాపాడదు, కాలువకు మాత్రం చేరుతుంది.

నీలం మాస్కు కాగితం కాదు

ముందు ఈ అపోహ పోవాలి. నలిపితే కాగితంలా నలుగుతుంది, పట్టుకుంటే గుడ్డలా మెత్తగా ఉంటుంది. అందుకే దాన్ని మట్టిలో కలిసిపోయే వస్తువనుకుని ధైర్యంగా పారేస్తారు. నిజానికి అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు. మన బియ్యం బస్తా దేనితో తయారవుతుందో ఇదీ దానితోనే. బస్తాలో పట్టీలుగా తీసి నేస్తారు, మాస్కులో సన్నని పోగులుగా తీసి ఒకదానికొకటి అతికిస్తారు. పైనా కిందా ఉన్న రెండు పొరలు మధ్య పొరకు రక్షణ మాత్రమే. అసలు పని చేసేది మధ్య పొర. దాని పోగులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం, పైగా వాటికి కాస్త విద్యుదావేశం ఎక్కించి ఉంటారు. సన్నని కణాలు ఆ ఆవేశానికి అంటుకుపోతాయి. చెవులకు సాగే తాడు, ముక్కు దగ్గర చిన్న తీగ. మొత్తం బరువు దాదాపు 3 గ్రాములు.

ఈ నిర్మాణం తెలిస్తే రెండు సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి. ఒకటి, ఈ నీలం మాస్కును, అంటే సర్జికల్ మాస్కును, సబ్బునీళ్లలో ఉతికి తీగ మీద ఆరేయడం పొదుపు కాదు. ఆవేశం పోతే మధ్య పొర ఒట్టి పలచటి ప్లాస్టిక్కు జల్లెడగా మిగులుతుంది, ఉతికిన నీళ్లలోకి పోగులు రాలతాయి. రెండు, అంత సన్నని పోగులున్న వస్తువు ఎండకూ అలకూ చిక్కితే ముక్కలయ్యేది బస్తా కంటే చాలా త్వరగా. ఇటలీలోని మిలాన్-బికోకా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎండలాంటి కాంతిలో ఉంచి, ఉప్పునీటిలో కదిలించి చూస్తే, ఒక్క మాస్కు నుంచి రోజుకు 1,73,000 దాకా సూక్ష్మ పోగులు రాలవచ్చని తేలింది. కంటికి మాస్కు మాయమైనట్టే ఉంటుంది. నీళ్లలో మాత్రం ఉంటుంది.

పాలీప్రొపిలీన్ నీటి కంటే తేలిక కనుక తేలుతూ పోతుంది. మా పట్నం కాలువల్లో పడ్డది వానాకాలంలో ఎటు పోతుందో చెప్పడానికి శాస్త్రం చదవనక్కర్లేదు. వాయుగుండం పట్టిన నవంబరులో ఒక్క రాత్రి చాలు. తీరం వెంబడి రొయ్యల చెరువులకు నీళ్లు తోడేది ఉప్పుటేరుల నుంచి, బకింగ్‌హాం కాలువ నుంచి. ఊళ్ల నుంచి కొట్టుకొచ్చేదంతా పోయేదీ వాటిలోకే. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లూ, నేలపట్టు గూడబాతులూ, పులికాట్ రాజహంసలూ ఉండేది ఆ నీళ్ల పక్కనే. 2020 సెప్టెంబరులో బ్రెజిల్ ఒడ్డున చచ్చిపడి ఉన్న ఒక పెంగ్విన్ కడుపులో ఎన్‌ 95 మాస్కు దొరికింది. ఆ ఒక్క ఏడాదిలోనే 156 కోట్ల మాస్కులు సముద్రాల్లో చేరి ఉంటాయని ఓషన్స్ ఏషియా అనే సంస్థ అంచనా వేసింది. పక్షులకు మింగడం కంటే చెవితాళ్లతోనే ఎక్కువ చిక్కు. కాళ్లకు చుట్టుకుంటే విప్పుకునే చేతులు వాటికి లేవు కదా.

రోడ్డు మీద వెళ్లేవాళ్లకు: గుడ్డే

స్కూటీ మీద మద్రాసు బస్టాండు దాకా వెళ్లి రావడానికి, ఎండకు, బస్సు రేపే మట్టికి, చెత్తబండి వాసనకు నీలం మాస్కు అక్కర్లేదు. మూడు పొరల నూలు గుడ్డ మాస్కు, లేదా నాలుగు మడతలు వేసిన చున్నీ, తువ్వాలు చాలు. పెద్ద రేణువుల దుమ్మును అవి ఆపుతాయి. పొగలోని అతి సన్నని కణాలను ఆపవు. ఆ మాటకొస్తే, వదులుగా వేలాడే నీలం మాస్కు పక్కల నుంచి కూడా అవి దర్జాగా లోపలికి వస్తాయి.

లెక్క చూద్దాం. రోజుకొక నీలం మాస్కు చొప్పున ఏడాదికి 300 రోజులు వాడితే 300 మాస్కులు, దాదాపు 900 గ్రాముల ప్లాస్టిక్కు. విడిగా 3 రూపాయలకు కొంటే 900 రూపాయలు. గుడ్డ మాస్కులు మూడు కొని మార్చి మార్చి ఉతుక్కుంటే 150 రూపాయలు దాటదు. ఇంట్లో పాత నేత లుంగీ, మెత్తబడిన నూలు చీర ఉంటే అదీ అక్కర్లేదు. 2020లో రాష్ట్రంలో ప్రతి మనిషికీ మూడేసి చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు వాటిని కుట్టే పని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. ఆ కుట్టుపని వచ్చినవాళ్లు ఇప్పటికీ ప్రతి వీధిలోనూ ఉన్నారు. పది రూపాయలిస్తే మీ గుడ్డతోనే కుట్టిస్తారు.

అయితే గుడ్డ అనగానే పుణ్యం వచ్చేయదు. పత్తి పండించడానికీ నీళ్లూ పురుగుమందులూ కావాలి. చీరకు జతగా ఉంటుందని పది రంగుల్లో కొని, ఒక్కొక్కటి రెండుసార్లు కట్టి బీరువాలో పడేస్తే నీలం మాస్కే నయం. ఇంకొక మోసం, మెరిసే సాగుడు గుడ్డతో చేసిన మాస్కులు. అవి పాలియెస్టరు, అంటే మళ్లీ ప్లాస్టిక్కే. ఉతికిన ప్రతిసారీ పోగులు వదులుతాయి. వేలితో తడిమి నూలో కాదో చెప్పలేకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది.

ఆసుపత్రికి, దగ్గుకు: నీలం మాస్కు, కానీ ఒక షరతు

ఇక్కడ నేను గుడ్డను వెనకేసుకురాను. మీకు దగ్గు, జలుబు, జ్వరం ఉండి నలుగురిలోకి వెళ్లాలంటే, వైద్యుడి గది ముందు గంటసేపు కూర్చోవాలంటే సర్జికల్ మాస్కే మేలు. నోటి నుంచి తుళ్లే తుంపరలను ఆపడానికే దాన్ని తయారు చేశారు. క్షయ రోగి విషయంలో జనం తరచు తికమక పడతారు. రోగి వేసుకోవలసింది సర్జికల్ మాస్కు, పక్కన ఉండి సేవ చేసేవాళ్లు వేసుకోవలసింది ఎన్‌ 95. మా షాపులో దీన్ని తలకిందులుగా కొనుక్కుపోయేవాళ్లే ఎక్కువ. ఖరీదైనది రోగికి, చవకది తమకు. ప్రేమ మంచిదే కానీ మాస్కు లెక్క వేరు.

షరతు ఏమిటంటే, ఆసుపత్రిలో వాడిన మాస్కును ఆసుపత్రిలోనే విప్పి రండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే అది ఇదే కావాలని నా కోరిక. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రులు ఇలాంటి చెత్తను పసుపు సంచిలో వేసి, దానికోసమే ఉన్న దహన కేంద్రానికి పంపాలి. అక్కడి కొలిమిలో మొదటి గది 800 డిగ్రీల దగ్గర, రెండో గది 1,050 డిగ్రీల దగ్గర పనిచేయాలని నిబంధన. మన పెరటి మంటకు ఆ వేడి కలలో కూడా రాదు. గుమ్మం దాటేలోపు నాలుగు అడుగులు వెనక్కి వేసి పసుపు డబ్బా ఎక్కడుందని అడిగితే సరిపోయే పనికి, మా షాపు మెట్ల దాకా మోసుకొచ్చి కాలువలో పడేస్తారు.

ఎన్‌ 95: కొంటే ఎక్కువసార్లు వాడుకోండి

రైసుమిల్లులో తవుడు, ఊక దుమ్ము మధ్య పనిచేసేవాళ్లకు, కందుకూరు, ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్లకు, ఆయాసం ఉన్నవాళ్లకు గుడ్డ చాలదు, నీలం మాస్కూ చాలదు. అతి సన్నని కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపితేనే ఎన్‌ 95 అన్న పేరు. మన దేశపు ప్రమాణంలో దీనికి దగ్గరి తరగతి ఎఫ్‌ఎఫ్‌పీ 2. ప్యాకెట్టు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 9473 అన్న సంఖ్య ఉందో లేదో చూడండి. అది లేకుండా ఊరికే ఎన్‌ 95 అని అచ్చు వేసిన పదిరూపాయల మాస్కులు రోడ్డు పక్కన కుప్పలుగా అమ్ముతారు. అవి చెత్తగా మారడానికే పుట్టినవి.

గాలి వదిలే చిన్న కవాటం ఉన్నది కొనాలా వద్దా అని చాలామంది అడుగుతారు. దుమ్ముకైతే కొనండి, ఉక్క తగ్గుతుంది. రోగానికైతే వద్దు, మీ ఊపిరి వడకట్టకుండా బయటికి పోతుంది. గడ్డం దట్టంగా ఉన్నవాళ్లకు ఏ ఎన్‌ 95 అయినా సగం దండగే, అంచు చర్మానికి అతకదు.

ఒక్కొక్కటి యాభై రూపాయలో, ఆ పైనో ఉంటుంది కనుక ఒకరోజు వాడి పారేయడానికి ఎవరికీ చేతులు రావు. రాకపోవడమే మంచిది. ఐదు మాస్కులు కొని, ఒక్కోదాన్ని ఒక్కో రోజు వాడి, ఎవరిది ఏ రోజుదో రాసిన కాగితపు సంచిలో గాలి తగిలేలా వేలాడదీసి, మళ్లీ ఆరో రోజు మొదటిది తీయడం కరోనా కాలంలో కొరత ఉన్నప్పుడు వైద్య సిబ్బంది పాటించిన పద్ధతి. ఒకే మాస్కును అయిదుసార్లకు మించి వాడవద్దన్నది అప్పటి సలహా. తాడు సాగినా, తడిసినా, ఊపిరి బరువైనా అంతకు ముందే ఆపేయాలి. ఉతకడం, స్పిరిటు చల్లడం మాత్రం వద్దే వద్దు, ఆవేశం పోతుంది. ప్లాస్టిక్కు సంచిలో కట్టి పెడితే చెమటకు బూజు పడుతుంది.

రాతి పని చేసేవాళ్లకు

సైదాపురం వైపు క్వార్ట్జ్ గనుల్లో, మార్కాపురం పలకల పనిలో, చీమకుర్తి గ్రానైటు కోతలో ఉన్నవాళ్లను చూస్తే నాకు పర్యావరణం సంగతి ఒక నిమిషం పక్కన పెట్టాలనిపిస్తుంది. క్వార్ట్జ్ అంటేనే సిలికా, పలకరాయిలోనూ అది ఉంటుంది. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. నా షాపులోనే కాదు, ఎక్కడా లేదు. అక్కడ తువ్వాలు కట్టుకుని రాయి కోసేవాడిని గుడ్డ వాడుతున్నావు, భూమికి మేలు చేస్తున్నావు అని మెచ్చుకోవడం పాపం.

విచిత్రమేమిటంటే, వాళ్లకు అన్నిటికంటే మంచి మాస్కే చెత్త తక్కువ చేసే మాస్కు కూడా. రబ్బరుతో చేసి, రెండు పక్కలా మార్చుకునే ఫిల్టర్లు పెట్టేది. మొహానికి గట్టిగా అతుకుతుంది. రబ్బరు భాగాన్ని కడుక్కుంటూ ఏళ్ల తరబడి వాడవచ్చు, నిండిపోయిన ఫిల్టరు మాత్రమే మారుస్తారు. మొదట వెయ్యి రూపాయలకు పైగా పెట్టాలి, అందుకే కూలివాడు కొనడు. కొనవలసింది యజమాని. రాయి కోసేచోట నీళ్లు చిమ్మే ఏర్పాటు చేసి దుమ్మును పుట్టిన చోటే అణచడం దానికంటే ముందు పని. రోజుకొక నీలం మాస్కు పంచి రక్షణ కల్పించామని రాసుకునే యజమాని కూలివాడి ఊపిరినీ కాపాడడు, క్వారీ పక్క చెరువునూ కాపాడడు.

రొయ్యల శుద్ధి కర్మాగారాల కథ వేరు. అక్కడ మాస్కు మనిషి కోసం కాదు, రొయ్య కోసం. నోటి తుంపర సరుకు మీద పడకూడదు, అంతే. రోజూ వందలమంది వాడి పారేసే చోట, ఏప్రాన్లు ఎలాగూ ఉతికిస్తారు కనుక, ఉతికే గుడ్డ మాస్కులకు మారవచ్చేమో కొనుగోలుదారుల నిబంధనలు చూసుకుని ఆలోచించాలి. ఇళ్లలో మనం వెయ్యిమందిమి మారినదానికి ఒక్క కర్మాగారం మారితే సమానం.

వాడాక ఏ దారి?

ఇంట్లో నిప్పు అంటించడం అందరికీ తోచే మొదటి దారి. నీళ్లు కాచే పొయ్యిలో మాస్కు వేస్తే క్షణంలో కరిగిపోతుంది, పీడ వదిలిందనుకుంటాం. తక్కువ వేడిలో అరకొరగా కాలిన ప్లాస్టిక్కు మసి, కార్బన్ మోనాక్సైడ్ ఆ పొయ్యి ఊదేవాళ్ల ముక్కులోకే పోతాయి. ఏ ఊపిరిని కాపాడటానికి మాస్కు కొన్నామో ఆ ఊపిరికే. పైగా ఆరుబయట చెత్త తగలబెట్టడాన్ని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. జరిమానా 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000.

పెంటదిబ్బలో వేయడం దానికంటే పొరపాటు. ఎరువుతో పాటు చేనుకు చేరి దుక్కిలో ముక్కలవుతుంది, మట్టిగా మారదు. ఈలోపు మీ ఒంగోలు ఆవు దాన్ని గడ్డితో పాటు నమిలేస్తుంది. ఆవు పొట్టలో ప్లాస్టిక్కు అరగదు, బయటికీ రాదు. కూరగాయ తొక్కల బుట్టలో వేసినా ఇదే గతి, ఎరువు తయారుచేసేవాళ్లు చేత్తో ఏరాలి.

మిగిలింది చెత్తబండి. కరోనా కాలంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇళ్లకు చెప్పిన పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే తేలిక: వాడిన మాస్కును కాగితపు సంచిలో 72 గంటలు ఉంచి, ఎవరూ ఏరి మళ్లీ అమ్మకుండా కత్తిరించి, ఆ తరవాత ఇవ్వాలి. నేను చెవితాళ్లను విడిగా కత్తిరిస్తాను, ఒక కోత మాస్కు మధ్యలోనూ పెడతాను. పాత పత్రికలో చుట్టి, డైపర్లూ ప్యాడ్లూ ఇచ్చేచోటనే విడిగా ఇస్తాను. 2021 అక్టోబరులో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఇంటికి ఇచ్చిన మూడు బుట్టల్లో ఎర్రది ఇలాంటివాటికే. మా ఇంట్లో దాంట్లో చాలాకాలం ఉల్లిపాయలు ఉండేవి. మీ ఇంట్లోనూ అంతే అయితే ఉల్లిపాయలకు వేరే బుట్ట చూడండి. బండి మీద వచ్చే మనిషి ఉత్త చేతులతో ఆ చెత్తను విడదీస్తుంటే చూశారు కనుక, చుట్టి ఇవ్వడం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

పునర్వినియోగం గురించి కూడా అడుగుతారు. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వారు మాస్కుల ముక్కలను భవన శిథిలాల కంకరతో కలిపి రోడ్డు పునాదికి పనికొస్తుందని చూపారు. రెండు వరుసల రోడ్డు ఒక కిలోమీటరుకు 30 లక్షల మాస్కులు పడతాయట. గుజరాత్‌లో మాస్కులతో ఇటుకలు చేశారు. వినడానికి బాగుంటుంది. కానీ అలాంటి కర్మాగారానికి మాస్కులు వేరుగా, శుభ్రంగా, టన్నుల్లో చేరాలి. వీధి చివర డబ్బాలో పడ్డ మీ ఒక్క మాస్కు అంత దూరం ప్రయాణం చేయదు. ఎక్కడో రోడ్డవుతుందిలే అని వాడకం పెంచకండి.

మా వంతుగా షాపులో రెండు మార్పులు చేశాం. 50 మాస్కుల డబ్బా అడిగినవాళ్లను ఇంట్లో ఎవరికి ఏమైందని అడిగి, అవసరమైనన్ని విడిగా ఇస్తున్నాం. అమ్మకం తగ్గిందని మా తమ్ముడి గోల. మాస్కుతో పాటు, వాడాక పెట్టుకోవడానికి మందులకిచ్చే కాగితపు కవరు ఒకటి జత చేస్తున్నాం. చాలామంది ఆ కవరును మెట్ల మీదే వదిలేసి వెళుతున్నారు. సాయంత్రం షాపు కట్టేముందు వాటిని ఏరి, దుమ్ము దులిపి మళ్లీ కౌంటరు మీద పెడుతున్నాను.